రేఖలు పడని ముద్రలు

"మా అమ్మకి నువ్వేం చెప్పావ్?"

దేదీప్యని సొంత చెల్లెల్లా చూసుకునే భానుశ్రీ ఫోన్ చేస్తే మొదటి మాట 'తిన్నావా' అని ఉంటుంది. సోమవారం పొద్దున్న అది లేదు. దేదీప్య యూనివర్సిటీ బేస్‌మెంట్‌లో, కిటికీ కూడా లేని తన గదిలో, ముందురోజు తీసిన చేతిముద్రల కాగితాలను బల్లల మీద పరిచి ఆరబెట్టుకుంటోంది. గోళ్ళ సందుల్లో ఎర్రరంగు ఇంకా వదల్లేదు.

"ఏం చెప్పాను అక్కా?"

"తొంభై ఏళ్ళ దాకా ఢోకా లేదన్నావట. చెయ్యి చూసి చెప్పావట. బుధవారం బయాప్సీకి రాను పొమ్మంటోంది."

"బయాప్సీ ఏంటక్కా?"

భానుశ్రీ, పక్క గదిలో ఉన్న తల్లికి వినపడకూడదనుకునే గొంతుతో చెప్పింది. వాళ్ళమ్మ రాజేశ్వరమ్మకి రొమ్ములో గడ్డ కనపడింది. సూది గుచ్చి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప అదేమిటో చెప్పలేమన్నారు డాక్టర్లు. బుధవారం తప్పితే మళ్ళీ ఆరు వారాల దాకా అపాయింట్‌మెంట్ లేదు. వారం నుంచీ గడ్డం పట్టుకుని బతిమాలితే ఎలాగో ఒప్పుకుందావిడ. ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్ నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోగానే తేల్చేసింది: అంత చదువుకున్న పిల్ల చూసి చెప్పాక ఇంక సూదులూ గీదులూ ఎందుకని.

"నువ్వు పీహెచ్‌డీ చేస్తున్నావనుకున్నా దేదీప్యా," అంది భానుశ్రీ. "చిలక జోస్యం చెప్తున్నావని తెలీదు."

ఫోన్ పెట్టేసింది.

జోస్యమట. ఖర్మ కాకపోతే ఏమిటిది? ఆదివారం మధ్యాహ్నమంతా నెత్తీ నోరూ బాదుకుని, నాకు జోస్యం రాదు మహాప్రభో అని న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఉన్న తెలుగువాళ్ళందరికీ చెప్పిన మనిషి, చిట్టచివర ఒక్కరి దగ్గర నోరు జారింది. ఆ ఒక్కరూ ఈవిడే అవ్వాలా?

దేదీప్యది కర్నూలు. ఆమెతో పాటు విమానం ఎక్కినవాళ్ళందరూ కంప్యూటర్లు చదవడానికొస్తే, ఈవిడ ఆదిమానవులు గుహల్లో వేసిన బొమ్మల్ని చదవడానికొచ్చింది. దానికి అమెరికా దాకా ఎందుకమ్మా అని అడగని తెలుగువాడు న్యూజెర్సీలో లేడు. ఇందులో జాబ్ వస్తుందా, చదువయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ ఉంటుందా, పోనీ మధ్యలో డేటా సైన్స్‌కి మారొచ్చా, ఇవన్నీ అడిగాక గానీ ఎవరూ చేతిలో సమోసా కొరకరు. ఆమె ఓపిగ్గా జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

ఆమె పని చేతులతో. ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో, ఇంకా చాలాచోట్ల గుహల గోడల మీద వేల ఏళ్ళ నాటి చేతులున్నాయి. గోడకి చెయ్యి ఆనించి, జాజు లాంటి ఎర్రమన్ను నీళ్ళలో కలిపి, దాన్ని నోటితోనో గొట్టంతోనో చెయ్యి చుట్టూ ఊదేవాళ్ళు. చెయ్యి తీసేస్తే అది ఉన్నంత మేరా రాయి ఖాళీగా, చుట్టూ ఎరుపు మిగిలేది. అవి మగవాళ్ళ చేతులని, అందులోనూ వేటగాళ్ళ చేతులని పండితులు చాలాకాలం ఎవరూ అడక్కుండానే తీర్మానించుకున్నారు. తర్వాత వేళ్ళ పొడవులు కొలిచి చూస్తే వాటిల్లో చాలావరకు ఆడవాళ్ళవి కావచ్చని తేలింది. పసిపిల్లలవీ ఉన్నాయి. అంటే ఆ చీకట్లోకి దివ్వె పట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళి ఉంటారన్నమాట.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ కొలతల లెక్క కట్టింది ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ళ చేతులు చూసి. అదే లెక్క మన చేతులకి పనికొస్తుందా? మనవైపు కొండరాళ్ళ మీద కూడా ఎర్ర చేతిముద్రలు కనిపిస్తాయి, వాటిని ఏ లెక్కతో కొలవాలి? అది తేల్చాలంటే తెలుగు కుటుంబాల చేతులు కావాలి. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు, ఒకే ఇంటివాళ్ళయితే మరీ మంచిది. ఈ నెలాఖరుకి చేతులు దొరక్కపోతే ఆ అధ్యాయం వదిలెయ్యమన్నాడు ప్రొఫెసర్. వేసవిలో న్యూజెర్సీలో అమ్మమ్మలకి కొదవేమిటని, ప్లెయిన్స్‌బరోలో తానుండే అపార్ట్‌మెంట్లలో రామమోహన్ గారిని పట్టుకోమని సలహా ఇచ్చింది భానుశ్రీయే.

రామమోహన్ అక్కడి తెలుగు వాట్సాప్ గ్రూప్‌కి అడ్మిన్. క్లబ్‌హౌస్ బుక్ చేయాలన్నా, ఎయిర్‌పోర్ట్‌కి రైడ్ కావాలన్నా, మామిడికాయలు ఏ షాపులో వచ్చాయో తెలియాలన్నా ఆయనే దిక్కు. "నువ్వు టెన్షన్ పడకమ్మా, జనాన్ని నేను తెస్తా" అన్నాడు. నిజంగానే తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం దేదీప్య రంగు సీసాలూ కాగితాల చుట్టలూ మోసుకుంటూ వెళ్ళేసరికి క్లబ్‌హౌస్ గుమ్మం దాకా లైను. చీరల కింద స్నీకర్లు వేసుకున్న అమ్మమ్మలు, ఏసీ చలికి చెవుల మీదికి టోపీ లాక్కున్న తాతయ్యలు, వాళ్ళ వెనక ఫోన్లు చూసుకుంటూ కొడుకులూ కూతుళ్ళూ. ఆమెకి కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది. ఆ సంతోషం మొదటి మనిషి దగ్గరికి వెళ్ళేదాకానే నిలిచింది.

"మావాడి గ్రీన్ కార్డ్ ప్రయారిటీ డేట్ ఎప్పుడు కరెంట్ అవుతుందో కొంచెం చూడమ్మా," అన్నాడు ముందు నిలబడ్డ రాజారావు, కుడి చెయ్యి చాపి. చంకలో కంప్యూటర్ జాతకం కూడా ఉంది.

దేదీప్య ఆయన్ని అక్కడే వదిలేసి రామమోహన్ దగ్గరికి నడిచింది.

"అంకుల్, గ్రూప్‌లో మీరేం మెసేజ్ పెట్టారు?"

"ఆదిమానవుల చేతులు అంటే సండే పూట ఎవరొస్తారమ్మా?" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా. "అందుకని కొంచెం మసాలా వేశా. కర్నూలు అమ్మాయి, హస్త సాముద్రికంలో రీసెర్చ్ చేస్తోంది, ఫ్రీ అని పెట్టా. నీకు కావాల్సింది చెయ్యేగా. ఇస్తారు, తీసుకో."

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కానీ ఎవరి మీద మండాలి? ఈయన మంచికే చేశానని నిండా నమ్మి, బిస్కెట్ ప్యాకెట్లు విప్పుతున్నాడు. దేదీప్య గది మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. ఇది జోస్యం కాదు. చదువు కోసం చేసే పని. మీరు కాగితం మీద చెయ్యి పెడితే నేను చుట్టూ రంగు కొడతాను, వేళ్ళు కొలుచుకుంటాను, అంతే. ఇందులో అరచేతి గీతలు అసలు పడవు, చెయ్యి ఆకారం ఒక్కటే పడుతుంది. జోస్యం కోసం వచ్చినవాళ్ళు దయచేసి వెళ్ళిపోవచ్చు.

ఎవరూ కదల్లేదు.

"ముందు అందరూ అలాగే అంటారులే," అంది లైనులో ఒకావిడ పక్కావిడతో. "ఊరికే చెప్తే విలువుండదని."

దేదీప్య పళ్ళు బిగబట్టి పని మొదలుపెట్టింది. మొదటి చిక్కు చేతితోనే వచ్చింది. ఆమెకి అందరిదీ ఎడమ చెయ్యి కావాలి, ఎందుకంటే గుహల్లో ఎక్కువగా ఉన్నవి ఎడమ చేతులే. కుడిచేత్తో రంగు పట్టుకుని ఎడమచెయ్యి గోడకి పెట్టి ఉంటారు. ఈ సంగతి రాజారావుకి చెప్తే ఆయన కుడిచెయ్యి అంగుళం కూడా వెనక్కి తీసుకోలేదు.

"మగవాళ్ళకి కుడి, ఆడవాళ్ళకి ఎడమ. అదీ శాస్త్రం. నీకెవరు నేర్పారమ్మా?"

"అంకుల్, నేను జాతకం చెప్పట్లేదు."

"చెప్పకపోయినా సరే, శుభమా అని ఎడమచెయ్యి ఎలా పెడతాను?"

పావుగంట బతిమాలాక ఎడమచెయ్యి పెట్టాడు. దాని ఉంగరపు వేలికి పగడపుటుంగరం. ఉంగరం ఉంటే వేలి వెడల్పు తప్పొస్తుంది, తియ్యండి అంటే, అది కుజుడి కోసం పెట్టుకున్నది, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా తియ్యనన్నాడు. గ్రీన్ కార్డ్ రావాల్సింది ఆయన కొడుక్కి. కొడుకు పక్కనే నిలబడి, "నాన్నా, ప్లీజ్" అంటూ నేలలోకి కుంగిపోతున్నాడు. చివరికి ఉంగరంతోనే ముద్ర తీసి, ఆ కాగితం పక్కన పడేసింది.

కరీంనగర్ నుంచి వచ్చిన లీలావతి మాత్రం రంగు సీసా వాసన చూసి, "జాజు గదా బిడ్డా ఇది? మేం గోడలకు పూస్తం గదా, గదే," అని సంబరపడి రెండు చేతులూ పెట్టింది. దేదీప్యకి ప్రాణం లేచొచ్చింది. ముద్ర పూర్తయ్యాక లీలావతి కాగితం ఎత్తి వెనకా ముందూ తిప్పి చూసి, "ఇగ చెప్పు, మా చిన్నపిల్ల లగ్గం ఎప్పుడైతది?" అంది.

"నాకు తెలీదండీ."

"అగో, మరి గింతసేపు చెయ్యెందుకు పట్టుకున్నవ్?"

ఆ తర్వాత కబురు లైనంతా పాకింది. ఈ అమ్మాయి ఏమీ చెప్పదట, చెయ్యి తీసుకుని పంపేస్తుందట. ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. బిస్కెట్లు తిన్నాకే జారుకున్నారు. మనవరాళ్ళతో వచ్చిన అమ్మమ్మలు ముందు వెళ్ళిపోయారు. రామమోహన్ ఆమె చెవి దగ్గరకొచ్చి, "ఏదో ఒకటి మంచి మాట చెప్పి పంపరాదా? నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?" అన్నాడు. ఆమె ఆయనవైపు చూసిన చూపుకి ఆయన మళ్ళీ బిస్కెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అదిగో, అప్పుడొచ్చింది భానుశ్రీ, కూతురు రిషితనీ తల్లినీ వెంటబెట్టుకుని. మూడు తరాలు. దేదీప్య వెతుక్కుంటున్నది సరిగ్గా అదే. ఏడేళ్ళ రిషిత, "ఇట్ టికిల్స్, అక్కా" అని నవ్వుతూ చెయ్యి పెట్టింది. భానుశ్రీ గాజులు తీసి పెట్టింది. ఆ తర్వాత రిషిత రంగు చేత్తో గౌను తుడుచుకోబోతే, భానుశ్రీ దాన్ని రెక్క పట్టుకుని కడగడానికి లాక్కెళ్ళింది.

రాజేశ్వరమ్మ బల్ల ముందు కూర్చుంది. బాపట్లలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, జుట్టు నున్నగా దువ్వి, చీర కుచ్చిళ్ళు చెదరకుండా కట్టుకుంది. చెయ్యి మాత్రం ఒళ్ళో నుంచి బయటికి తియ్యలేదు.

"ఒక్కటి చెప్పమ్మా," అంది మెల్లగా. "పెళ్ళిళ్ళూ వీసాలూ నాకొద్దు. ఆయుర్దాయం ఎంతుందో చూడు."

మధ్యాహ్నం నుంచీ అదే మాట, అదే మాట, అదే మాట. తల ప్రాణం తోకకొచ్చి ఉంది దేదీప్యకి. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా? చెప్తే ఈవిడా లేచి వెళ్ళిపోతే, ఆ ఒక్క కుటుంబం కూడా అసంపూర్తే. ఆమె తలెత్తలేదు. రంగు సీసా ఊపుకుంటూ అనేసింది.

"తొంభై దాకా ఢోకా లేదండీ. ఎడమ చెయ్యి పెట్టండి."

రాజేశ్వరమ్మ చెయ్యి పెట్టింది. ముద్ర శుభ్రంగా వచ్చింది, ఆ రోజుకి అన్నింటికన్నా బాగా వచ్చింది. దేదీప్య మురిసిపోయింది కూడా, ఆ సంగతి దాచి ఏం లాభం.

సోమవారం ఫోన్ పెట్టేశాక ఆమె చేసిన మొదటి పని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పడం. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. జోస్యం ఆశ చూపించి తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు కాబట్టి ఆదివారం కాగితాలన్నీ పక్కన పెట్టెయ్యమన్నాడు. అన్నీ అంటే అన్నీ. లీలావతివీ, రిషితదీ, అన్నీ. ఆమె వాటిని అట్టపెట్టెలో సర్ది, రూమ్మేట్ కారు అడుక్కుని, రూట్ వన్ ట్రాఫిక్‌లో పడి, సాయంత్రానికి ప్లెయిన్స్‌బరో చేరింది. దారి పొడుగునా ఒకటే అనుకుంది: వెళ్ళి అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే సరి, పెద్దావిడ రెండు తిట్టి బుధవారం వెళ్తుంది. ఎంత తెలివితక్కువ లెక్క.

భానుశ్రీ తలుపు తీసి పక్కకి తప్పుకుంది, లోపలికి రమ్మనలేదు. రిషిత కరాటే క్లాస్‌కి వెళ్ళిందట. రాజేశ్వరమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర గోంగూర ఒలుస్తోంది.

"రా అమ్మా, కూర్చో. తిన్నావా?"

"అమ్మగారూ, నిన్న నేను మీకు అబద్ధం చెప్పాను," అంది దేదీప్య, కూర్చోకుండానే. "నాకు చెయ్యి చూడటం రాదు. విసుగొచ్చి నోటికొచ్చింది అనేశాను. చాలా తప్పు చేశాను. మీరు బుధవారం తప్పకుండా వెళ్ళాలి."

రాజేశ్వరమ్మ గోంగూర కాడ పక్కన పెట్టి కూతురివైపు చూసింది.

"నువ్వు పురమాయించావా?"

"నేనేం పురమాయించలేదమ్మా."

"పొద్దున్న ఫోన్‌లో నువ్వు దాన్ని తిట్టడం నాకు వినపడిందిలే." దేదీప్యవైపు తిరిగింది. "పాపం, ఎంతదూరం వచ్చావమ్మా. నువ్వేం బాధపడకు. నిన్న నీ నోట వచ్చింది నిజం. ఇవాళ దీనికోసం ఇలా అంటున్నావు."

"కాదండీ, నిజంగా నాకు రాదు."

"వచ్చినవాళ్ళు వచ్చని చెప్పుకోరమ్మా."

నాకు రాదంటే వచ్చినట్టు. వచ్చంటే సరే సరి. దేదీప్య కారు దగ్గరికి పరుగెత్తి, అట్టపెట్టెలోంచి రాజేశ్వరమ్మ కాగితం వెతికి పట్టుకొచ్చింది. టేబుల్ మీద, గోంగూర పక్కన పరిచింది. ఎర్రరంగు మధ్యలో తెల్లటి చెయ్యి.

"చూడండి. ఇందులో గీతలెక్కడున్నాయి? ఆయుష్షు రేఖ ఏది? ఏమీ లేదు, ఖాళీ. నేనసలు మీ అరచెయ్యి చూడనే లేదు."

"అదే కదా నేనూ అనుకున్నది," అంది రాజేశ్వరమ్మ. "చూడకుండానే చెప్పావు. మణికట్టు పట్టుకోగానే చెప్పేసేవాళ్ళు ఉంటారమ్మా. మా బాపట్లలో ఒకాయన ఉండేవాడు."

"అమ్మా," అంది భానుశ్రీ. ఆ ఒక్క మాటలో వారం రోజుల అలసట ఉంది. "ఏమీ కాదని డాక్టర్ అంటోంది, నేనంటున్నాను. ఐదు నిమిషాల పని. ఏమీ కాదమ్మా. ఎందుకింత రాద్ధాంతం?"

"ఏమీ కాదన్నప్పుడు వెళ్ళడం ఎందుకు?"

"ఏమీ కాదని కన్‌ఫర్మ్ చేసుకోవడానికి."

"ఈ పిల్ల చేసిందిగా."

భానుశ్రీ కుర్చీ లాక్కుని కూలబడి, మొహం రెండు చేతులతో కప్పుకుంది. దేదీప్యకి ఇంక ఓపిక లేదు. అబద్ధం ఆడితే నమ్మారు, నిజం చెప్తే నమ్మరు. కాగితం చూపిస్తే నమ్మరు. చదువుకున్న చదువంతా ఈ గోంగూర కట్ట ముందు ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఫోన్ తీసి, తన పాఠాల్లో వాడుకునే ఒక ఫొటో తెరిచి, రాజేశ్వరమ్మ మొహం ముందు పెట్టింది. అలా పెట్టడంలో కాస్త కోపం కూడా ఉంది.

"ఇది ఫ్రాన్స్‌లో ఒక గుహ. ఈ చిన్న చెయ్యి చూశారా? పసిపిల్లది. నడక కూడా వచ్చి ఉండదు. ఇరవై వేల ఏళ్ళు పైబడింది. ఈ ఒక్క చెయ్యి మీద పెద్ద పెద్ద వాళ్ళు ఎంతమంది పనిచేశారో. కొలిచారు, రంగు పరీక్ష చేశారు, కంప్యూటర్లలో పెట్టారు. ఆడపిల్లో మగపిల్లాడో కూడా తేలలేదు. ఆ పిల్ల పెరిగి పెద్దదయిందా, ఆ వారంలోనే పోయిందా, ఎవరూ చెప్పలేరు. ఇంతమందికి వేల ఏళ్ళ కిందటి సంగతే తెలియకపోతే, రేపు మీకేమవుతుందో నాకెలా తెలుస్తుందండీ?"

రాజేశ్వరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"దీని మణికట్టు దగ్గర ఇంకో చెయ్యి ఉందే."

"అవును. పెద్దవాళ్ళెవరో పట్టుకున్నారు."

"తల్లా?"

"కావచ్చు. తెలీదు."

"పిల్ల కదలకుండా పట్టుకుందా, భయపడకుండా పట్టుకుందా?"

"తెలీదండీ."

"నీకేమీ తెలీదా అయితే?" అంది రాజేశ్వరమ్మ, చిరాగ్గా.

"తెలీదు," అంది దేదీప్య. ఆమె గొంతు లేచింది. "తెలీదు కాబట్టే కొలుస్తున్నాం. తెలిస్తే కొలవడం ఎందుకు, ఈ రంగులెందుకు, ఈ కాగితాలెందుకు? నాకు తెలీదు. మీ గడ్డ ఏమిటో నాకు తెలీదు, డాక్టర్‌కీ తెలీదు. ఏమీ కాకపోవచ్చు. ఏదైనా కావచ్చు కూడా. సూది పెట్టి చూస్తే తప్ప ఎవరికీ తెలీదు."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకి తట్టలేదు. పెద్దావిడతో, అదీ వాళ్ళింట్లో నిలబడి, అలాంటి మాట అనడమా? భానుశ్రీ మొహం మీంచి చేతులు తీసి దేదీప్యని చూస్తోంది, మతిపోయిందా అన్నట్టు.

రాజేశ్వరమ్మ ఫోన్ టేబుల్ మీద పెట్టింది. కూతురివైపు తిరిగింది.

"ఇదే కదే నేను నిన్నడిగింది. ఏమిటది అని అడిగితే ఏమీ కాదన్నావు. మళ్ళీ అడిగితే ఏమీ కాదని నవ్వావు. నిజంగా నీకు తెలుసా, ఏమీ కాదని?"

భానుశ్రీ గోంగూర కాడలు ఒకచోటికి తోసింది.

"అడుగుతుంటే."

"తెలీదమ్మా."

అంతే అంది. ఫార్మా కంపెనీలో రోజూ ఇలాంటి రోగుల లెక్కలే చూసే మనిషి, ఎంతమందికి ఏమైందో శాతాలతో సహా నోటికి వచ్చిన మనిషి, టేబుల్ మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "నాకు తెలీదమ్మా. నాకు చాలా భయంగా ఉంది. నిద్ర పట్టట్లేదు. నువ్వు భయపడతావని నవ్వుతున్నా."

దేదీప్య ఎటు చూడాలో తెలియక గోంగూర కట్టని చూసింది.

"నాకు భయమేస్తుందని నువ్వు నవ్వావా?" అంది రాజేశ్వరమ్మ. కోపంగానే అంది. "దిక్కుమాలిన నవ్వు. మీ నాన్నకి లోపల అంతా అయిపోయిందని డాక్టర్ చెప్పిన రోజు నేను ఆయన దగ్గర అచ్చం అలాగే నవ్వాను. పక్కనే ఉండి చూశావుగా. నువ్వలా నవ్వుతుంటే నాకేమనిపిస్తుంది? నాకూ అయిపోయిందనుకున్నాను. నీకు తెలిసిపోయింది, నా దగ్గర దాస్తున్నావు, సూది వంక పెట్టి ఆస్పత్రిలో పడేస్తారనుకున్నాను. కన్నకూతురు నిజం చెప్పకపోతే ఇంకెవరిని అడగాలి? అందుకే ముక్కూ మొహం తెలియని పిల్ల ముందు చెయ్యి చాపాను."

వంటింట్లో కుక్కర్ ఎప్పుడో ఆపేసినట్టుంది, దాని మూత కింద నుంచి ఆవిరి సన్నగా చప్పుడు చేస్తోంది.

రాజేశ్వరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ కూతురి పక్కకి జరుపుకుంది. వీపు మీద చెయ్యి వేసింది. నిమరలేదు, ఊరికే వేసి ఉంచింది.

"ఎన్నింటికే బుధవారం?"

"తొమ్మిదింటికి," అంది భానుశ్రీ, తల ఎత్తకుండా.

"ఆఫీసుకి సెలవు పెట్టు."

"పెట్టానమ్మా."

"నాతో లోపలి దాకా రావాలి. బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటానంటే నేను లోపలికి పోను. అక్కడ ఆ డాక్టరమ్మ ఏమంటే అది నాకు తెలుగులో చెప్పాలి. బాగుంటే బాగుందని చెప్పు, లేకపోతే లేదని చెప్పు. నవ్వావంటే మాత్రం అక్కడే చెంప పగలగొడతాను."

"చెప్తానమ్మా."

"ఏడుపొస్తే?"

"ఏడుస్తా."

"అలా ఏడువు," అంది రాజేశ్వరమ్మ. "ఇద్దరం కలిసి ఏడుద్దాం."